కావడికి అవతలి కుండ

అంగాచ మొగుణ్ణి వదిలేసి మా ఇంటికి వచ్చి కూర్చుంది. కుండలు సర్దుకోవలసింది మాత్రం నేను.

మాది కుండమార్పు పెళ్లి. మా గుముజు వాళ్లలో దాదాపు అందరివీ అవే. మా అన్న అబ్దీ అంగాచను చేసుకున్నాడు కాబట్టి అంగాచ అన్న షీతుకు నన్ను ఇచ్చారు. ఆ ఇంటి పిల్ల ఈ ఇంటికి, ఈ ఇంటి పిల్ల ఆ ఇంటికి. ఒక కాపురం నిలబడితే రెండోదీ నిలబడుతుంది. ఒకటి తెగితే రెండోదాన్ని కూడా తెంపుతారు, అది ఎంత బాగున్నా సరే. బేలెస్‌లో నేను చదివిన కాలేజీలో, కొండమీది నుంచి వచ్చిన మాస్టారు ఒకాయన ఇది విని, "మరి ప్రేమ సంగతేమిటమ్మా?" అని అడిగాడు. "మిగిలితే చూసుకుంటాం సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వు రావడం లేదు. మిగిలింది మరి.

అంగాచను ఏమని పిలవాలన్నది కూడా మా ఇంట్లో తేలని విషయమే. అన్న పెళ్లాం కాబట్టి వదిన. మొగుడి చెల్లెలు కాబట్టి మరదలు. అవసరం ఉంటే వదిన, కోపం వస్తే మరదలు. ఆ రోజు ఎండవేళ, వాగు దాటి ఒంటరిగా వస్తున్నప్పుడు దూరం నుంచే మరదలైపోయింది. భుజాన కావడి ఉంది. కావడికి ఒకవైపు బట్టల మూట, రెండోవైపు బరువు సరిపోవడానికి ఒక రాయి. మాలో కావడి ఆడవాళ్లే మోస్తారు, సామాను ఒకవైపుకే ఉంటే అలాగే రాయి కట్టుకుంటాం. ఆ రాయిని తెచ్చి మా గుమ్మం పక్కన దించింది. దించిన తీరు చూస్తే ఇప్పట్లో ఎత్తేలా లేదు.

"ఏమైందే?" అంది మా అత్త, సంకటి కెలికే కర్ర చేతిలో ఉండగానే.

"మీ అల్లుడు కావడి మోయడట."

"మగవాడు కావడి మోయడమేమిటే? ఎండ తలకెక్కిందా?"

"మా అన్న మొయ్యలేదూ?"

షీతు చూరు కింద కూర్చుని బాణం కర్ర చెక్కుతున్నాడు. కత్తి ఆగింది. మా అత్త నావైపు చూసింది. నేను పొయ్యివైపు చూశాను. పొయ్యిలో చూడదగ్గది ఏమీ లేదు.

మొయ్యడం నిజమే. పోయిన వానాకాలంలో నేను దూరంగా ఉన్న రోజులవి. ఆ రోజుల్లో మేము వేరే గుడిసెలో ఉంటాం, ఇంటి నీళ్లు ముట్టం. అత్తకేమో మోకాలు వాచి లేవలేకపోయింది. ఇంట్లో చుక్క లేదు. షీతు కాసేపు తల గోక్కుని, రెండు పసుపురంగు నీళ్ల డబ్బాలు కావడికి తగిలించుకుని వాగుకు పోయాడు. పోయేటప్పుడు ఎవరూ ఎదురు పడలేదు. వచ్చేటప్పుడు తేనె దింపుకొచ్చే మగవాళ్ల గుంపు మొత్తం ఎదురైంది. సంతరోజు వచ్చేసరికి బేలెస్ చుట్టుపక్కల ఆ సంగతి తెలియనివాడు లేడు. ఒకడు పాట కూడా కట్టాడు. షీతుకు ఆ పాట వినిపిస్తే, "రాగం బాగుంది" అని ఊరుకున్నాడు. ఆయన తత్వమే అంత.

కుండమార్పులో ఉన్న చిక్కు ఇక్కడే. ఒక ఇంట్లో ఆడదానికి ఏది దొరికితే రెండో ఇంటి ఆడది అది అడగొచ్చు. అంగాచకు మా అన్న ప్లాస్టిక్ చెప్పులు కొంటే, షీతు నాకూ కొన్నాడు. ఒకసారి కల్లు ఎక్కువై మా అన్న అంగాచ మీద కేకలేశాడు. ఆ కబురు వచ్చాక చుట్టాలంతా షీతు వైపు చూడ్డం మొదలుపెట్టారు. పాపం, ఆయన పెరట్లోకి వచ్చి, నాకు ఎదురుగా నిలబడి, గట్టిగా రెండు కేకలు వేసి, "చాలా?" అని నెమ్మదిగా అడిగాడు. "ఇంకొకటి వెయ్, అవతలి వీధికి వినపడలేదు" అన్నాను.

అలాంటి మనిషిని వదిలి పోవాలి ఇప్పుడు. పోతే చంటివాడు నాతో వస్తాడు, పాలు మానలేదు కాబట్టి. మూడేళ్ల మారె రాదు. పిల్లలు తండ్రి వంశానివాళ్లు. పాలు మానాక చంటివాణ్ణి కూడా తెచ్చి ఇక్కడ అప్పజెప్పాలి. అక్కడ నాకోసం మా అన్న ఇంకో కుండమార్పు చూస్తాడు.

సాయంత్రం మా అన్న ఫోన్ చేశాడు. అంగాచ ఫోన్ అందుకుని అమ్హారిక్‌లో, "హలో, ఎవరు కావాలండీ?" అంది.

మాకు అది మామూలు తిట్టు కాదు. అమ్హారిక్ కొండమీది వాళ్ల భాష, మేము సంతలో ఉప్పు బేరానికి, ఆఫీసుల్లో సంతకాలకు మాత్రమే వాడతాం. అందులో మొగుడితో మాట్లాడిందంటే వాణ్ణి కౌంటర్ అవతల నిలబెట్టినట్టే. మా మాటల్లో గాలిని లోపలికి మింగి పలికే శబ్దాలు కొన్ని ఉన్నాయి. కొండమీది వాళ్లు ఎంత ప్రయత్నించినా వాళ్లకవి ఎక్కిళ్లలా వస్తాయి. ఒకటో తరగతి పిల్లలకు మా భాషలోనే చదువు చెప్పడానికి కాలేజీలో నాకు తర్ఫీదు ఇచ్చారు, మింగే శబ్దానికి ఏ అక్షరం రాయాలో కూడా నేర్పారు. ఉద్యోగం రాలేదు, పెళ్లి వచ్చింది. ఇప్పుడు ఆ చదువంతా మారె మీదా, సంకటి మాడినప్పుడు పొయ్యి మీదా వాడుతున్నాను. సంగతేమంటే, ఒక్క మింగుడు కూడా లేకుండా అంగాచ మా అన్నతో ఎంతసేపైనా మాట్లాడగలదు. అవతల వాడు మా భాషలో బతిమాలుతుంటే, ఇవతల ఈవిడ అమ్హారిక్‌లో, "మీ విన్నపం అందింది. తర్వాత చూస్తాం" అని పెట్టేసింది.

"అట్లా మాట్లాడకే. వాడు మొగుడే" అన్నాను.

"నీకు బాగానే ఉంటుంది వదినా. మోసేవాడు దొరికాడు నీకు."

"ఒక్కసారి మోశాడే తల్లీ."

"నేను అడిగింది కూడా ఒక్కసారే. నడుం పట్టేసి లేవలేని రోజున అడిగాను. ఏమన్నాడో తెలుసా? దాహమైతే వాగు దగ్గరికే పోయి పడుకోమన్నాడు."

అన్నవైపు మాట్లాడదామనుకున్నదాన్ని, సంకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

ఇంకో రెండు రోజులకు పెద్దలు కూర్చున్నారు, మా జొన్న గాదె నీడలో. ఊరి పెద్ద చానె తాత మధ్యలో. కల్లు కుండ ఆయనకు చెయ్యిచాపు దూరంలో. అందరూ చెప్పాల్సింది చెప్పాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఇందులో తగువేం లేదు. రెండు ఇళ్లూ సమానంగా ఉండాలి, అంతే. అబ్దీ మొయ్యనంటున్నాడు. కాబట్టి షీతు నలుగురిలో చెప్పాలి, నేను మోసింది పొరపాటు, ఇంక మొయ్యను అని. అప్పుడు సమానమైపోతుంది. అంగాచ ఇంక అడగడానికి ఉండదు. చెప్పరా."

అందరూ షీతు వైపు తిరిగారు. చెప్పమన్నట్టు నేను కళ్లతో సైగ చేశాను. కనుబొమలు కూడా ఎగరేశాను. ఆయన నన్ను చూశాడు, చూసి కూడా చెప్పాడు:

"మోసింది మోశాను తాతా. ఇంట్లో నీళ్లు లేకపోతే మళ్లీ మోస్తాను. పొరపాటని ఎట్లా అంటాను?"

మనిషి మీద గర్వం, సంకటి కర్రతో నెత్తిన ఒకటి వేద్దామన్న కోరిక, రెండూ ఒకేసారి కలగడం నాకు అదే మొదలు.

"అయితే సంత అయ్యాక అబ్దీ వచ్చి వాళ్ల పిల్లను తీసుకుపోతాడు" అని చానె తాత కల్లు కుండ దగ్గరికి లాక్కున్నాడు.

ఆ తర్వాత నేను చేసిన పనులు ఇవీ. విసిరిన జొన్నపిండిని మళ్లీ తిరగలిలో విసిరాను. ఊడ్చిన వాకిలి ఊడ్చాను, మట్టి లేచి గుంట పడేదాకా. నువ్వుల చేలో కలుపు తీస్తున్నాననుకుని నువ్వుల మొక్కలు పీకేశాను. మారెను దగ్గరికి పిలిచి తల దువ్వి, పంపించేసి, మళ్లీ పిలిచి మళ్లీ దువ్వాను. నాలుగోసారి అది పారిపోయి మేకల దొడ్లో దాక్కుంది. షీతుతో మాట్లాడలేదు. ఆయన పక్కన కూర్చుంటే లేచిపోయాను. లేచిపోతే, ఎందుకు వెనకే రాలేదని కోపం వచ్చింది.

గుమ్మం దాటిన ప్రతిసారీ అంగాచ దించిన రాయి కాలికి తగిలేది. ఒకసారి బొటనవేలు చిట్లింది. దాన్ని తీసి అవతల పారేద్దామని వంగి, ఆగిపోయాను. పెళ్లికి నేను ఈ ఇంటికి వచ్చిన రోజు నా సామాను మా మేనత్తలు మోసుకొచ్చారు, వరసగా, కావళ్లు ఊపుకుంటూ. మరి పోయేటప్పుడు?

"అత్తా, నా సామాను ఎవరు మోస్తారు?" అన్నాను, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు.

అత్త బెండకాయలు తరుగుతోంది. తల ఎత్తలేదు. "మా ఇంటి ఆడది మోస్తే మేమే గెంటేసినట్టుంటుంది. మేము ముట్టం. వాళ్ల ఆడవాళ్లను వాళ్లే తెచ్చుకోవాలి." ఇంకో బెండకాయ తరిగింది. "తెచ్చుకుంటే."

నేను పెరట్లోకి పోయి మా అమ్మకు ఫోన్ చేశాను. "అమ్మా, నువ్వుల కోత మానుకుని ఆడవాళ్లెవరూ రానక్కర్లేదు. ఇక్కడ చూసుకుంటారు" అన్నాను. ఎవరు చూసుకుంటారో అమ్మ అడగలేదు. నేను చెప్పలేదు.

అనుకున్న ప్రకారం సంత మర్నాడు మా అన్న వచ్చాడు. వెంట చిన్నాన్న కొడుకులు ఇద్దరు, భుజాలకు విల్లులు, ముఖాలు బిగించుకుని. అత్త సంకటీ బెండకాయ పులుసూ పెట్టింది. తిన్నారు. అన్నా షీతూ చిన్నప్పుడు ఒకే తుట్టెలో తేనె దింపి ఒకే ఈగల చేత కుట్టించుకున్నవాళ్లు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎదురుగా ఉన్న మేకతో మాట్లాడినట్టు మాట్లాడుకున్నారు.

"వానలు ఎట్లా ఉన్నాయి మీవైపు?"

"బాగానే ఉన్నాయి. మీవైపు?"

"ఇక్కడా బాగానే ఉన్నాయి."

చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఏదో పని ఉన్నట్టు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. చానె తాత ముందే వచ్చి నీడ చూసుకున్నాడు. అంగాచ గుమ్మానికి ఆనుకుని ఆకాశం చూస్తోంది.

నేను చంటివాణ్ణి వీపున కట్టుకున్నాను. మారె నా గుడ్డ అంచు పట్టుకుంది. కావడి వాకిలి మధ్యలో సిద్ధంగా ఉంది, ఒకవైపు బుట్టలో కుండలు, సొరకాయ బుర్రలు, రెండోవైపు తిరగలి రాయి.

"పద" అన్నాడు అన్న, నా ముఖం చూడకుండా.

"పద" అన్నాను. కదల్లేదు.

"సామాను?"

"అదుగో."

"ఎవరు మోస్తారు?"

"మీరు ఆడవాళ్లను తీసుకురాలేదా?"

"ఇక్కడ చూసుకుంటారని అన్నావటగా?"

"మేమైతే ముట్టం నాయనా. పిల్లను గెంటామన్న పేరు మాకొద్దు" అంది అత్త, చాలా విచారంగా.

అన్న తమ్ముళ్లవైపు చూశాడు. ఒకడికి ఉన్నట్టుండి కాలి ముల్లు గుర్తొచ్చింది. రెండోవాడు దారి ఎలా ఉందో చూసొస్తానని కంచెదాకా పోయాడు. వచ్చిన దారే అది.

"నువ్వే ఎత్తుకోవే" అన్నాడు అన్న గొంతు తగ్గించి.

"వీపున పిల్లాడున్నాడు కదన్నా. అయినా నేను పోవడం లేదు, నువ్వు తీసుకుపోతున్నావు. తీసుకుపో."

"నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే తిరింగో. తిన్నగా ఏ పనీ చెయ్యవు."

"కాలేజీకి పంపొద్దని నువ్వు అప్పుడే చెప్పావు. నాన్న వినలేదు."

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అన్న అటువైపు గుర్రుగా చూశాడు. బుట్టను చేతులతో ఎత్తబోయాడు, విల్లు అడ్డం వచ్చింది. విల్లు తీసి తమ్ముడికిచ్చి, తిరగలి రాయి పొట్టకు ఆనించి లేపాడు, కుండలకు చెయ్యి మిగల్లేదు. దించాడు. ఒక సొరకాయ బుర్ర దొర్లి పగిలింది. వాగు దాటి, మెట్ట ఎక్కి, అటుపక్క ఇంకా బోలెడు నడక ఉంది.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి అంగాచ అమ్హారిక్‌లో, చాలా మర్యాదగా అంది: "అయ్యా, తమరికి కూలివాణ్ణి ఎవరినైనా పిలిపించమంటారా?"

అంతే. అన్న వంగి, కావడి కింద భుజం పెట్టి, ఒక్క ఊపున లేచాడు.

లేచాడే గాని నిలబడలేదు. కుండల బుట్ట తేలిక, తిరగలి రాయి బరువు. బరువు చూసి కట్టడం నాకు రాక కాదు. రాయి వైపు కిందికి దిగింది, బుట్ట వైపు ఆకాశానికి లేచింది. దాన్ని పట్టుకోబోతే మనిషి గిర్రున తిరిగాడు. కావడి కొన వెళ్లి ముల్లు గుచ్చుకున్న తమ్ముడి వీపు మీద టప్పున తగిలింది. వాడు ముల్లు మరిచి గెంతాడు. మా అన్న కట్టు తెంపుకున్న దూడలా వాకిట్లో రెండు చుట్లు చుట్టాడు. జనం వెనక్కి తగ్గారు. ఒక్కరు కూడా నవ్వలేదు, ఆపుకుంటున్నారు. నేను మాత్రం అన్న చేతులవైపే చూస్తున్నాను. కావడి విసిరికొట్టాడా, పని చెడినట్టే. ఇంక చేతులతో మోసైనా నన్ను తీసుకుపోతాడు, అదీ కోపంతో.

విసరడానికే చెయ్యి ఎత్తాడు. నేను చూశాను.

అప్పుడే ఒక నవ్వు వచ్చింది. అంగాచది. కడుపులోంచి, ఆపలేక, గోడ పట్టుకుని నవ్వింది. నవ్వు మధ్యలో మాట వచ్చింది, మా భాషలో, మింగాల్సిన చోట గాలి మింగుతూ: "అట్లా కాదయ్యా! మోకాళ్లు వదులు చెయ్. కట్టెను మెడ దగ్గరికి జరుపు. ఎవడు కట్టాడు దీన్ని, ఉండు..."

వంగి, గుమ్మం పక్కనున్న తన రాయి ఎత్తి, గబగబా వెళ్లి కుండల బుట్టలో పెట్టింది. కావడి రెండు కొనలూ సమానంగా వచ్చి నిలబడ్డాయి. మా అన్న ఊపిరి వదిలాడు. ఇద్దరి ముఖాల మధ్యా జానెడు దూరం.

"ఇప్పుడు నడువు. ఊగితే దాంతోపాటు ఊగు, ఆపొద్దు."

నడిచాడు. మొదట నాలుగడుగులు తడబడ్డాయి, తర్వాత కావడి తన నడక తనే నేర్పింది. వాకిలి దాటాడు, కంచె దాటాడు. అంగాచ పక్కనే నడుస్తూ, "కుడికి, కుడికి, అక్కడ గుంట" అంటోంది. తమ్ముళ్లు విల్లులు పట్టుకుని వెనక నడిచారు, ఎవరినీ చూడకుండా. వాగు దిగేదాకా ఊరంతా చూసింది.

"మోశాడు" అన్నాడు చానె తాత. "సమానం."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. "అయ్యో, నా కుండలు!" అని పరుగు తీయబోయాను. అత్త చెయ్యి పట్టుకుని ఆపింది.

"పిలవకు. పిలిస్తే దించుతాడు. దించితే ఏమవుతుందో ఎవరికి తెలుసు? పోనీ, కుండలే కదా."

కుండలే. తిరగలి కూడా. బేలెస్ నుంచి తెచ్చుకున్న అల్యూమినియం గిన్నె కూడా. ఆ సాయంత్రం పక్కింటి మూకుడు అడిగి తెచ్చి సంకటి వండాను. అడుగంటింది. షీతు వంక పెట్టకుండా తిన్నాడు, మాడింది కూడా గీకి తిన్నాడు. మారె నా ఒళ్లో పడుకుని గుడ్డ అంచు వదల్లేదు.

"నన్ను పోనిచ్చేవాడివే" అన్నాను.

"పొరపాటని చెబితే, ఇంకోసారి నీకు నీళ్లు ఎవరు తెస్తారు?" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "పోనిచ్చేవాణ్ణి కాదులే. వెనకే వచ్చేవాణ్ణి" అన్నాడు.

"వచ్చి?"

"తెలీదు. అక్కడిదాకా ఆలోచించలేదు."

నాకు మాత్రం ఆ తర్వాత కూడా నిద్ర సరిగా పట్టలేదు. ఫోన్ మోగితే చేతిలో పని వదిలి పరిగెత్తేదాన్ని. వాగు అవతల ఎవరైనా ఒంటరిగా కనిపిస్తే, కావడికి రాయి ఉందా అని చూసేదాన్ని. నా కాపురం నా చేతిలో సగమే ఉంది. మిగతా సగం వాగు అవతల, ఒక మాట పడని మనిషికీ ఒక మాట ఆగని మనిషికీ మధ్య ఊగుతోంది.

కొన్నాళ్లకు అంగాచ ఫోన్ చేసింది. మా భాషలోనే, గుసగుసగా. కుండలు భద్రంగా ఉన్నాయట, గిన్నె చాలా బాగుందట, ఇంకొన్నాళ్లు వాడుకుంటుందట. నేనంతా వింటున్నాను, అసలు విషయం ఎప్పుడొస్తుందా అని. చివర్లో వచ్చింది.

"మీ అన్న నాకు కొత్త మంచం అల్లుతున్నాడు వదినా. తోలు పట్టీలతో. ఊరికే చెప్పానంతే."

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగాను. షీతు చూరు కింద కూర్చుని కొత్త కావడి కట్టె చెక్కుతున్నాడు, పాతది మా కుండలతో పాటే పోయింది కాబట్టి. నా ముఖం చూడగానే కత్తి పక్కన పెట్టేశాడు.

"ఏం చేశాడట?" అన్నాడు.